బళ్లారి వైపా, ఆంధ్ర వైపా? పెద్ద ఇల్లు కొనే ముందు తెలుసుకోవలసినవి

మన సంఘం ఆఫీసుకు వచ్చే పెద్దలు ఈ మధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "పిల్లలు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉన్నారు, నాలుగు డబ్బులు పంపుతున్నారు. ఒక మంచి డ్యూప్లెక్సు కట్టుకుందామనుకుంటున్నాం. ఇక్కడే తాళూరు రోడ్డులోనో సంగనకల్లు రోడ్డులోనో తీసుకోమంటారా, లేక గుంతకల్లు, రాయదుర్గం వైపు మనవాళ్ల మధ్య తీసుకోమంటారా?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా మాకు తెలిసినంతవరకు ఒకచోట రాసి పెడితే అందరికీ పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

గీత ఎలా వచ్చింది

ముందు కొంచెం పాత సంగతి. మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు బళ్లారి ఒకే జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి. మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. బళ్లారి తాలూకా మీద పెద్ద తగాదా నడిచి, జస్టిస్ మిశ్రా కమిషన్ విచారణ తర్వాత అది కూడా మైసూరుకే వచ్చింది. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం బళ్లారిని ఆంధ్రకు ఇవ్వమని సిఫారసు చేసినా అది అమలు కాలేదు. అలా బళ్లారి రాఘవ ఊళ్లో తెలుగువాళ్లం భాషా అల్పసంఖ్యాకులమయ్యాం. గీత అవతల మేనమామలు, ఇవతల మేనత్తలు మిగిలారు. అందువల్ల మన ఇళ్లలో "ఎక్కడ కొనాలి" అన్న ప్రశ్న ఒట్టి ధరల లెక్క కాదు. "చివరికి ఎక్కడివాళ్లమవుతాం" అన్న ప్రశ్న కూడా అందులో ఉంటుంది.

కొనే హక్కు, అదనపు పన్ను

కొందరికి ఒక అనుమానం ఉంది, పక్క రాష్ట్రం వాళ్లకు ఇల్లు రిజిస్టరు చేస్తారా అని. చేస్తారు. దేశంలో ఎక్కడైనా నివసించే, స్థిరపడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. కర్ణాటకలో గానీ ఆంధ్రలో గానీ ఇల్లు కొనే పక్క రాష్ట్రం వారి మీద అదనపు పన్ను లేదు. వేరే దేశాల సంగతి చూస్తే దీని విలువ తెలుస్తుంది. సింగపూరులో విదేశీయుడు ఇల్లు కొంటే 2023 ఏప్రిల్ నుంచి మామూలు సుంకం మీద మరో 60 శాతం కట్టాలి. వంతెన దాటి మలేషియాలోని జొహోర్ వైపు వెళ్తే అక్కడ విదేశీయులకు కనీస ధర నిబంధన ఉంది. మనకు హగరి వాగు దాటినా, చెక్‌పోస్టు దాటినా అలాంటి బాధ లేదు.

పొలం కొని అందులో ఇల్లు కట్టుకుందామనుకునే వారికి ఇంకో మాట. కర్ణాటకలో వ్యవసాయదారులు కానివారు పొలం కొనకూడదన్న 79ఎ, 79బి సెక్షన్లను 2020లో తీసేశారు. అయినా పొలంలో ఇల్లు కట్టాలంటే భూమి మార్పిడి, అంటే మనం డీసీ కన్వర్షన్ అనేది, తప్పదు.

ఒక కోటి ఇంటికి రిజిస్ట్రేషన్ లెక్క

కోటి రూపాయల విలువ గల ఇల్లు అనుకుందాం.

బళ్లారి నగరంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, అంటే 5,00,000. దాని మీద 10 శాతం సెస్సు 50,000. సర్‌చార్జి 2 శాతం 10,000. రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం 2,00,000. మొత్తం 7,60,000. పంచాయతీ హద్దులో అయితే సర్‌చార్జి 3 శాతం కాబట్టి ఇంకో 5,000 ఎక్కువ.

గుంతకల్లులో స్టాంపు డ్యూటీ 5 శాతం 5,00,000. ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర శాతం 1,50,000. రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం 1,00,000. మొత్తం 7,50,000.

తేడా 10,000 రూపాయలు. 2025 ఆగస్టు 31కి ముందు కర్ణాటకలో రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతమే ఉండేది, అప్పుడు కోటికి 90,000 ఇటువైపే మిగిలేది. ఆ పాత లెక్క పట్టుకుని "కర్ణాటకలో చవక" అనేవారు ఇంకా ఉన్నారు. ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చును బట్టి ఊరు ఎంచుకోనక్కర్లేదు. ఈ రేట్లు ప్రభుత్వాలు మారుస్తూంటాయి గనుక రిజిస్ట్రేషన్ తేదీ పెట్టుకునే ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మళ్లీ అడగండి.

రెండు వైపులా సమానంగా ఉండేవి రెండు. ఇంటి ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి, అది అమ్మేవారి సొమ్ములోంచే. కట్టడం పూర్తికాని విల్లా బిల్డరు దగ్గర కొంటే 5 శాతం జీఎస్టీ ఉంటుంది. కోటికి అది 5 లక్షలు. పూర్తయి కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఇంటికి జీఎస్టీ లేదు. బేరం ఆడేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

కాగితాలు: ఇటు ఒక పేరు, అటు ఒక పేరు

మనం సైటు అంటాం, వాళ్లు ప్లాటు అంటారు. కాగితాల పేర్లూ అంతే. వాటిని సరిపోల్చి చూసుకోవాలి.

ఇటువైపు: నగరంలో ఈ-ఖాతా, పల్లెల్లో ఈ-స్వత్తు ఫారం 9, ఫారం 11. ఇవి లేకుండా ఇప్పుడు రిజిస్ట్రేషనే జరగదు. బీ ఖాతా ఉందంటే మున్సిపాలిటీ పన్ను రాసుకుంటోందని మాత్రమే అర్థం, లేఅవుటుకు అనుమతి ఉందని కాదు. పెద్ద ఇంటికి బ్యాంకు అప్పు కావాలంటే బీ ఖాతాతో చాలా తిప్పలు పడాలి. లేఅవుటుకు బుడా, అంటే బళ్లారి నగరాభివృద్ధి ప్రాధికార, అనుమతి చూడాలి. పాత పహణీ, మార్పిడి ఉత్తర్వు రెండూ అడగాలి. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ప్రభుత్వం ఇచ్చిన భూమి అయితే 1978 నాటి పీటీసీఎల్ చట్టం కింద అనుమతి లేని అమ్మకం చెల్లదు.

అటువైపు: అడంగల్, 1-బి, లింకు దస్తావేజులు, ఈసీ. లేఅవుటుకు ఎల్‌పీ నంబరు ఉందా అని చూడాలి. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం నంబరు వచ్చింది కాబట్టి పాత దస్తావేజులోని నంబరుకు కొత్త నంబరుకు పొత్తు కుదరాలి. అన్నిటికన్నా ముందు చూడాల్సింది 22-ఎ నిషేధిత జాబితా. ప్రభుత్వ భూములు, 1977 చట్టం కిందికి వచ్చే అసైన్డు భూములు, దేవాదాయ భూములు అందులో ఉంటాయి.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మన సభ్యులొకరు, రిటైరైన మాస్టారు, గీత అవతల అర ఎకరం చూసుకుని మమ్మల్ని సలహా అడిగారు. మధ్యవర్తి చూపిన పాసుపుస్తకం చూసి "బాగానే ఉంది కదా" అన్నాం. ఆయన తెల్లకాగితం అగ్రిమెంటు మీద అడ్వాన్సు ఇచ్చేశారు. తీరా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తే ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉంది. రిజిస్ట్రేషన్ కాలేదు. అడ్వాన్సులో సగం కూడా తిరిగి రాలేదు. ఆన్‌లైనులో నంబరు కొట్టి చూస్తే పది నిమిషాల్లో తెలిసే సంగతి అది. మాస్టారు మమ్మల్ని ఒక్క మాట అనలేదు గానీ మాకే మనసొప్పలేదు. అప్పటినుంచి ఎవరొచ్చినా జాబితా చూడకుండా మేము నోరు విప్పడం లేదు.

రెండు వైపులా పనికొచ్చే సూచనలు మూడు. కనీసం 30 ఏళ్ల ఈసీ తీయండి. 500 చదరపు మీటర్లకు మించిన ప్రాజెక్టయినా, 8 ఇళ్లకు మించినదయినా రెరా నంబరు అడగండి. పిత్రార్జితమైతే ఆడపిల్లల సంతకాలు తప్పకుండా చేయించండి. ఆడపిల్లకు సమాన వాటా ఆంధ్రలో 1986 చట్టంతో, కర్ణాటకలో 1994 చట్టంతో, దేశమంతటా 2005లో వచ్చింది. "పెళ్లి చేసి పంపాం కదా" అన్న మాట కోర్టులో నిలవదు.

ఇంకొకటి. ఇటువైపు దస్తావేజులు, ఖాతాలు కన్నడంలో ఉంటాయి. మన పెద్దవాళ్లలో మాట్లాడడం వచ్చి చదవడం రానివారు ఉన్నారు. లిపి దగ్గరగా ఉంది గదా అని ఊహించి సంతకం పెట్టకండి. చదివించుకుని, చెక్కుబందీ నాలుగు దిక్కులూ నేల మీద నిలబడి సరిచూసుకున్నాకే పెట్టండి.

తగాదా వస్తే ఏ కోర్టు

భూమి తగాదా ఆ భూమి ఉన్న చోటి కోర్టులోనే వేయాలి. ఇంటి ఓనరు బళ్లారిలో ఉన్నా గుంతకల్లు ఇంటి కేసు అటువైపే నడుస్తుంది. హైకోర్టు దాకా పోతే బళ్లారి వారికి ధార్వాడ పీఠం ఉంది. అటువైపు ఇంటికి అమరావతి దాకా పోవాలి. ఇల్లు కొని తాళం వేసి వచ్చేద్దామనుకునేవారు ఈ దూరాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

అసలు తూకం: పిల్లల "లోకల్"

ఇల్లు మనకు, కానీ దాని ఫలితం మనవళ్లకు. చాలామంది ఇళ్లలో ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తోంది.

బళ్లారి కల్యాణ కర్ణాటకలో ఉంది. 371జె అధికరణం కింద ఇక్కడి విద్యాసంస్థల్లో సీట్లు, ఉద్యోగాలు ఈ ప్రాంతానికి పుట్టుకతో గానీ స్థిరనివాసంతో గానీ చెందినవారికి ప్రత్యేకంగా ఉంటాయి. దీనికి అర్హతా పత్రం అసిస్టెంట్ కమిషనర్ కార్యాలయంలో తీసుకోవాలి. మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం. కోడలి పుట్టిల్లు ఆదోనో గుంతకల్లో అయితే పిల్ల జనన పత్రం అక్కడిది వస్తుంది. అప్పుడు తండ్రి తరఫు స్థిరనివాసం కాగితాలతో రుజువు చేయాలి. అలాంటప్పుడు ఇక్కడి ఇల్లు అమ్మేసి, రేషన్ కార్డు, ఓటు, స్కూలు అన్నీ అటు మార్చేసుకుంటే రుజువులు పలుచబడతాయి.

అటు వెళ్తే వెంటనే అక్కడ లోకల్ అవుతారా అంటే, అదీ కాదు. 371డి కింద ఆంధ్రలో కాలేజీ సీట్లలో 85 శాతం లోకల్ వారికి. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది అక్కడ ముఖ్యం. ఇంటి దస్తావేజు చూపిస్తే సరిపోదు. అందుకని హైస్కూలు మధ్యలో పిల్లను ఊరు మార్చకండి. రెండు వైపులా చెడే ప్రమాదం ఉంది.

కులం పట్టికలూ గీత దాటితే మారతాయి. బోయ, వాల్మీకి నాయక కుటుంబాలకు ఇది బాగా తెలుసు. కర్ణాటకలో వాల్మీకి నాయకులు షెడ్యూల్డు తెగ. అనంతపురం, కర్నూలు జిల్లాల్లో బోయలు బీసీ-ఎ. అన్న ఇటు, తమ్ముడు అటు ఉంటే ఒకే తాత మనవళ్లకు రెండు వేర్వేరు సర్టిఫికెట్లు వస్తాయి. ఈ వర్గాల వారు ఊరు మారే ముందు తహసీల్దారు కార్యాలయంలో కనుక్కునే నిర్ణయించుకోవాలి.

రోజువారీ సంగతులు

కరెంటు: ఇటు జెస్కాం, అటు ఏపీఎస్‌పీడీసీఎల్. కర్ణాటకలో గృహజ్యోతి 200 యూనిట్ల వరకే. నాలుగు గదుల్లో ఏసీలు పెట్టే ఇంటికి బళ్లారి ఎండల్లో అది ఏ మూలకూ చాలదు.

నీళ్లు: రెండు వైపులకూ తుంగభద్రే దిక్కు. 2024 ఆగస్టులో డ్యాము 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇటు రైతు, అటు రైతు ఒక్కలాగే నిద్రపోలేదు. ఇల్లు ఎటు కట్టినా బోరు లోతు, పక్కింటి బోరు వేసవిలో ఎలా ఉందో అడిగి, సంపు పెద్దది కట్టుకోండి.

వాహనం: ఇల్లు మారి 12 నెలలకు మించి కారు అక్కడే ఉంటే కేఏ-34 నంబరు మార్చి అక్కడ పన్ను కట్టాలి.

ఓటు: రెండు ఇళ్లున్నా ఓటు ఒక్కచోటే. రెండు చోట్ల పేరుంచుకోవడం నేరం.

ఉచిత బస్సు: ఆడవాళ్లకు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, కానీ ఏ రాష్ట్రం పథకం ఆ రాష్ట్రం లోపలే. గుంతకల్లులో ఇల్లు కట్టుకుని వారం వారం బళ్లారి ఆసుపత్రికి వచ్చే పెద్దావిడ ఈ లెక్క కూడా వేసుకోవాలి.

మా మాట

అటు మనవాళ్లున్నారు, మన భాషలో బోర్డులున్నాయి, పిల్లలకు బడిలో తెలుగు దొరుకుతుంది. ఇది చిన్న సంగతి కాదు. ఇటు మూడు తరాల పలుకుబడి ఉంది, డాక్టరు పేరు పెట్టి పిలుస్తాడు, రాఘవ కళామందిరంలో నాటకం వేస్తే ముందు వరసలో కూర్చోబెడతారు. ఇదీ చిన్నది కాదు.

చదువుకునే పిల్లలు ఇంట్లో ఉంటే వారి చదువు పూర్తయ్యేదాకా నివాసం ఇటే ఉంచుకోండి. పిల్లలు స్థిరపడి, ముసలితనం అన్నదమ్ముల మధ్య గడపాలనుకుంటే అటు కట్టుకోవచ్చు. అటు కట్టినా ఇక్కడి పాత ఇల్లు అమ్మడానికి తొందరపడకండి. ఆదాయపు పన్నులో రెండు ఇళ్లను సొంత వాడకంగా చూపుకునే వీలుంది. తాళం వేసి ఉంచడం కన్నా, బంధువుల్లో ఎవరినైనా ఉండనిచ్చి పన్ను రసీదులు మీ పేరునే కట్టుకుంటూ రండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు కాగితాల నకళ్లు పట్టుకుని సంఘం ఆఫీసుకు రండి. నిషేధిత జాబితా, ఈ-ఖాతా, ఈసీ మూడూ కూర్చుని చూద్దాం. మేము వకీళ్లం కాము, చివరి మాట మీ వకీలుదే. మాస్టారి దగ్గర చేసిన తప్పు మాత్రం ఇంకొకరి దగ్గర చేయకూడదని మా పట్టుదల.