అది ఎప్పుడూ అంతే

మన సపోర్టు ఉద్యోగాల్లో కేటీ అనే తంతు ఒకటుంది. వెళ్ళిపోయే మనిషి వచ్చే మనిషికి పని అప్పజెప్పడం. సర్వర్ల మానిటరింగ్ స్క్రీన్ తెరిచి ఒక్కొక్కటే చూపిస్తూ ఉంటారు, మనం బుద్ధిగా తల ఊపుతూ ఉంటాం. ఎక్కడో ఒకచోట ఈ మాట వచ్చి తీరుతుంది: "ఆ నాలుగూ పసుపులోనే ఉంటాయి, పట్టించుకోకండి, అవి ఎప్పుడూ అంతే." నేను పనిచేసిన ప్రతి ప్రాజెక్టులోనూ విన్నానీ మాట. చెప్పినవాళ్ళకి కూడా అంతకుముందువాళ్ళు అలాగే చెప్పి ఉంటారు. తాతల నాటి ఆస్తిలాగా చేతులు మారుతూ వస్తుందన్నమాట.

పసుపు రంగు పోగొట్టడానికి చిట్కాలు బోలెడున్నాయి. ఏజెంట్ సర్వీసు ఆపి మళ్ళీ మొదలుపెట్టు, దాని క్యాష్ ఫోల్డరు ఖాళీ చెయ్యి, సర్వరు గడియారం సరిగ్గా ఉందో లేదో చూడు, ఏదీ కుదరకపోతే తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యి. ఇవన్నీ పనికొస్తాయి, నేనూ చేస్తాను. కానీ నా బుర్ర తొలిచేది వేరే ప్రశ్న. ఆ రంగు నెలల తరబడి అలాగే ఉండిపోతే, దాన్ని చూసే మనిషికి ఏమవుతుంది? దీనికి జవాబు కంప్యూటర్ల చరిత్రలో కంటే ముందు ఒక కరెంటు కేంద్రం చరిత్రలో దొరుకుతుంది.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం. సస్క్వెహన్నా నదిలో త్రీ మైల్ ఐలండ్ అనే లంక, దాని మీద అణు విద్యుత్ కేంద్రం. 1979 మార్చి 28, తెల్లవారుజామున 4 గంటలు. (నైట్ షిఫ్టు చేసినవాళ్ళకి ఆ టైము ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు.) రెండో యూనిట్‌లో నీళ్ళు పంపే పంపులు ఆగిపోయాయి, రియాక్టర్‌లో ప్రెషర్ పెరిగింది. పెరిగిన ప్రెషర్ వదలడానికి ఒక రిలీఫ్ వాల్వు ఉంటుంది, ప్రెషర్ కుక్కర్ విజిల్ లాంటిదనుకోండి. అది తెరుచుకుంది. కొన్ని సెకన్లలో మళ్ళీ మూసుకోవాలి. మూసుకోలేదు.

ఇక్కడో పిట్టకథ. సరిగ్గా ఏడాది ముందు, 1978 మార్చిలో, ఇదే వాల్వు ఒకసారి తెరుచుకుని ఉండిపోయింది. అప్పటిదాకా అది తెరిచి ఉందో మూసి ఉందో చెప్పే దీపమే కంట్రోల్ రూములో లేదు. ఆ తర్వాత ఒకటి పెట్టారు. అయితే ఆ దీపం చెప్పేది వాల్వు ఎలా ఉందని కాదు, వాల్వుకి ఏ ఆదేశం వెళ్ళిందని. ఆ ఉదయం మూసుకోమని ఆదేశం వెళ్ళింది, దీపం ఆరింది, వాల్వు మూసుకుందని అందరూ అనుకున్నారు. మన భాషలో చెప్పాలంటే, రీస్టార్ట్ కమాండ్ ఎర్రర్ ఇవ్వలేదు కాబట్టి సర్వీసు నడుస్తోందని అనుకోవడం లాంటిది.

సరే, దీపం అబద్ధం చెప్పింది. నిజం చెప్పేది ఇంకోటి లేదా? ఉంది. వాల్వు దాటాక ఉన్న గొట్టానికి ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఉంది. 200 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే వాల్వు తెరిచి ఉన్నట్టే అని వాళ్ళ నియమావళిలో రాసే ఉంది. ఆపరేటర్లు ఆ అంకె అడిగి మరీ తెలుసుకున్నారు. 280 పైన! అయినా ఎవరూ కంగారుపడలేదు. ఎందుకంటే ఆ వాల్వో దాని పక్కదో అంతకుముందు నుంచే కొద్దికొద్దిగా కారుతూ ఉంది. గొట్టం రోజూ వేడిగానే ఉండేది. అది ఎప్పుడూ అంతే మరి.

ఈలోగా మొదటి కొన్ని నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగాయి. అలారాల జాబితా అచ్చువేసే ప్రింటర్ ఒక దశలో 2 గంటలకు పైగా వెనకబడిపోయింది. ఆ అలారం ప్యానెల్‌ని పీకి అవతల పారేయాలనిపించిందని ఒక ఆపరేటర్ తర్వాత విచారణలో చెప్పాడు. (ఈ బాధ తెలియని సపోర్టు ఇంజనీరు ఉంటాడా!) చివరికి 6 గంటల 22 నిమిషాలకి, కొత్తగా డ్యూటీలోకి వచ్చిన ఒక సూపర్‌వైజర్ చెబితే, ఆ దారిలోనే ఉన్న ఇంకో వాల్వు మూశారు. అప్పటికి 32,000 గ్యాలన్ల నీళ్ళు, అంటే మొత్తంలో మూడో వంతుకు పైగా, బయటికి పోయాయి. రియాక్టర్ కోర్ దాదాపు సగం కరిగిపోయిందని కొన్నేళ్ళ తర్వాత తెలిసింది. ఆ యూనిట్ మళ్ళీ నడవలేదు.

విచారణ కమిషన్‌కి అధ్యక్షుడు జాన్ కెమెనీ. పేరు ఎక్కడో విన్నట్టుందా? 1964లో థామస్ కర్ట్జ్‌తో కలిసి బేసిక్ భాషని తయారుచేసిన కెమెనీయే ఈయన :) ఆపరేటర్లు పొరపాటు చేశారని ఆ కమిషన్ ఒప్పుకుంది, కానీ అక్కడితో ఆగలేదు. శిక్షణ, నియమావళి, కంట్రోల్ రూము అమరిక, పై అధికారుల వైఖరి, అన్నిటినీ ఏకిపారేసింది. నా మటుకు నాకు అసలు దోషి ఆ కారుడుని బాగుచేయకుండా యూనిట్ నడిపించిన నిర్ణయమే. ఆ రోజు పొద్దున్న ఆపరేటర్ల దగ్గర థర్మామీటర్ ఉంది, కానీ అది అప్పటికే చచ్చిపోయింది.

ఇలాంటిదే ఇంతకంటే వెయ్యిరెట్లు ఘోరంగా మన దేశంలో జరిగింది. భోపాల్‌లో మిథైల్ ఐసోసైనేట్ ట్యాంకుకి ఉష్ణోగ్రత అలారం 11 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టి ఉండేది. 1984లో రిఫ్రిజిరేషన్ ఆపేశారు. దాంతో ట్యాంకు మామూలు రోజుల్లోనే 11 దాటి ఉండేది. ఎప్పుడూ దాటే ఉండే పరిమితి ఏం హెచ్చరిస్తుంది? డిసెంబర్ 2 రాత్రి ప్రెషర్ 2 నుంచి 10కి పెరిగింది. మధ్యలో షిఫ్టు మారింది. వచ్చినవాళ్ళకి 10 మామూలు అంకే, 2 నుంచి 25 దాకా ఎంతైనా ఉండొచ్చు కాబట్టి. తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు.

ఇక మన సర్వర్ల సంగతి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అనే పద్ధతి మన స్క్రీన్ల మీద బాగా పాతుకుపోవడంలో 1996లో షాన్ మెగ్వైర్ రాసిన బిగ్ బ్రదర్ పాత్ర పెద్దది. అందులో నాకు బాగా నచ్చేది ఊదా రంగు. ఏజెంట్ నుంచి కబురు రావడం ఆగిపోతే ఊదా. అంటే "నాకు తెలీదు" అని చెప్పడానికి కూడా ఒక రంగు ఉంది. 1999లో ఎథన్ గాల్‌స్టాడ్ నెట్‌సెయింట్ మొదలుపెట్టాడు, 2002లో దాని పేరు నాగియోస్ అయింది. అందులో 0 అంటే బాగుంది, 1 హెచ్చరిక, 2 ప్రమాదం, 3 తెలీదు. 0 వస్తే టీ తాగొచ్చు, 2 వస్తే పరుగెత్తాలి. 1 వస్తే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. అందుకే జనం ఏమీ చెయ్యరు.

పోనీ ఆ పసుపు ఎప్పుడూ నిజమేనా అంటే, కాదు. లినక్స్ ఖాళీ మెమరీని ఫైళ్ళ క్యాష్ కోసం వాడుకుంటుంది, అవసరమైతే వదిలేస్తుంది. పాత ఏజెంట్లు చాలావరకు ఆ క్యాష్‌ని కూడా వాడేసిన మెమరీ కిందే లెక్కేసేవి. ఇంకేముంది, హాయిగా ఉన్న సర్వరు కూడా రోజూ 95 శాతం! నిజంగా ఎంత మిగిలిందో సుమారుగా చెప్పే అంకె కెర్నెల్‌లోకి 2014లో, 3.14 వెర్షన్‌తో గానీ రాలేదు. డిస్కు సంగతీ అంతే. 10 శాతం మిగిలితే హెచ్చరించమన్న నియమం 20 జీబీ డిస్కుకి సబబే. 4 టీబీ డిస్కుకి అదే నియమం పెడితే 400 జీబీ ఖాళీ ఉండగా గగ్గోలు పెడుతుంది. ఇలాంటి చోట పరిమితి మార్చడాన్ని కొందరు మేనేజర్లు మోసం కింద చూస్తారు. నా దృష్టిలో మార్చకపోవడమే తప్పు. నిజంగా కారుతున్న వాల్వుకి పరిమితి పెంచితే మాత్రం అది కప్పిపుచ్చడం. ఏది ఏదో తేల్చడానికి ఒకళ్ళు కూర్చుని ఒక పూట ఖర్చుపెట్టాలి, ఆ పూట ఏ ప్లాన్‌లోనూ ఉండదు.

పసుపుకి అలవాటు పడటం ఒక జబ్బయితే, ఆకుపచ్చని నమ్మేయడం దాని తోబుట్టువు. 2003 ఆగస్టు 14న ఈశాన్య అమెరికా, కెనడాల్లో కరెంటు పోయింది గుర్తుందా? ఒహాయోలోని ఫస్ట్‌ఎనర్జీ కంట్రోల్ రూములో జీఈ వాళ్ళ ఎక్స్ఏ/21 వ్యవస్థ ఉండేది. మధ్యాహ్నం 2:14కి అందులో అలారాలు చూసే ప్రోగ్రాము నిలిచిపోయింది. ఒకే డేటా మీద ఇద్దరు ఒకేసారి చెయ్యి వెయ్యడం, మనందరికీ తెలిసిన రేస్ కండిషన్. అలారాలు ఆగాయని చెప్పే అలారం లేదు. పక్క కంపెనీ ఫోన్ చేసి మీ లైను ఒకటి పడి లేచిందేమిటని అడిగితే, మా దగ్గర ఏమీ కనపడట్లేదే అనుకున్నారు. పైన ఉండి అందరినీ గమనించాల్సిన మిడ్‌వెస్ట్ ఐఎస్ఓలోనేమో, ఒక అనలిస్టు తమ లెక్కల ప్రోగ్రాములో తేడా వెతకడానికి ఆటోమేటిక్‌గా నడవడం ఆపాడు, తేడా సరిచేశాడు, మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోయి భోజనానికి వెళ్ళాడు. దాదాపు 2:40 దాకా ఎవరూ చూసుకోలేదు.

2:41కి ఫస్ట్‌ఎనర్జీలో ప్రధాన సర్వరు పడిపోయింది, 2:54కి దాని బ్యాకప్పూ పోయింది. ఐటీ వాళ్ళకి పేజర్ మోగింది, వచ్చి రీబూట్ చేశారు, 3:08కి పూర్తయింది. సర్వర్లు లేచాయి. అలారాలు వస్తున్నాయా అని మాత్రం కంట్రోల్ రూముని అడగలేదు. రావట్లేదు. ఒక్కొక్క లైనూ వేడెక్కి, సాగి, చెట్లకి తగిలి పడిపోతూనే ఉంది. సాయంత్రం 4:13 కల్లా 5 కోట్ల మందికి కరెంటు లేదు.