అమెరికా తొలినాటి తపాలాబిళ్లలు

తపాలాబిళ్లల సేకరణమన్నంతనే మనలో పలువురు దానిని బాలుర వేడుకగానో ధనికుల వ్యసనముగానో తలంచుట పరిపాటి. వ్రేలెడు కాగితపుముక్క యొకటి వేలములో లక్షలకు అమ్ముడుపోయెనని పత్రికలలో చదివినపుడు ఈ తలంపు మరింత బలపడును. ఆ కాగితమునకు అంత వెల యేలయని యడుగువారే గాని, ఆ కాగితము పుట్టవలసిన అవసరమేమి కలిగెనని యడుగువారు అరుదు. ఈ రెండవ ప్రశ్నయే మాకు ముఖ్యముగ తోచుచున్నది. అమెరికా సంయుక్తరాష్ట్రముల తొలి బిళ్లలను, అవి అంటింపబడిన కవరులను పరిశీలించినచో, సామాన్యులు ఒకరితో నొకరు మాటలాడుకొనుటకు ఒక దేశము ఎంతకాలము సుంకము విధించెనో, దానిని ఎట్లు తగ్గించెనో మనకు తెలియగలదు.

బిళ్లలు పుట్టకపూర్వము ఆ దేశమున ఉత్తరము వ్రాయుట సులభము, అందుకొనుట కష్టము. రుసుమును పంపువాడు ముందుగ చెల్లింపవచ్చును గాని అట్టి ఆచారము తక్కువ. ఉత్తరము ఎవరికి వచ్చెనో వారే తపాలా కచేరికి పోయి, సొమ్మిచ్చి విడిపించుకొనవలయును. 1825వ సంవత్సరపు చట్టము ననుసరించి ఒక్క కాగితపు జాబునకు 30 మైళ్లలోపల 6 సెంట్లు. 400 మైళ్లు దాటినచో 25 సెంట్లు. కాగితములు రెండైనచో రుసుమును రెండింతలగును. కూలివాని దినవేతనములో ఇది చిన్నభాగము కాదు. అందుచే జనులు కవరు వాడుట మానిరి. ఒకే కాగితమును నిండుగ వ్రాసి, అడ్డముగ త్రిప్పి, వ్రాసిన పంక్తులమీదనే మరల వ్రాసి, దానినే మడచి లక్కతో అంటించి పంపుచుండిరి. పడమటిసీమకు వలసపోయిన కుమారుని జాబు కచేరిలో నున్నదని తెలిసియు, చేత సొమ్ములేని తల్లి పడు వేదనను చదువరులు ఊహింపగలరు.

ఇందు ఒక విచిత్రము కలదు. ఆ ప్రభుత్వమే 1792లో వార్తాపత్రికలను 100 మైళ్లవరకు ఒక సెంటుకు, ఆపైన ఒకటిన్నర సెంటుకు చేరవేయ నిర్ణయించియుండెను. రాజ్యవ్యవహారములు ప్రజలకు తెలియుట అవసరమని ఆనాటి పెద్దలు ఎంచిరి. తల్లికి బిడ్డ క్షేమము తెలియుట మాత్రము విలాసమని ఎంచినట్లున్నది.

ఇంగ్లండులో రోలండు హిల్లు 1837లో ప్రకటించిన చిన్నపుస్తకము ఈ విషయమున కన్నులు తెరిపించెను. జాబును మోయుటకు అగు ఖర్చు స్వల్పమనియు, దూరముల లెక్కలకును ఇంటింట సొమ్ము వసూలు చేయుటకును అగు ఖర్చే అధికమనియు ఆయన నిరూపించెను. దాని ఫలముగ 1840 మే 6వ తేదీన పెన్నీబిళ్ల వ్యవహారమునకు వచ్చెను. రెండేండ్లలో న్యూయార్కునగరమున అలెగ్జాండరు గ్రెయిగు అను నాతడు నడపిన ప్రైవేటు తపాలా వాషింగ్టను బొమ్మతో 3 సెంట్ల బిళ్లను వెలువరించెను. ఆ దేశమున అంటించు బిళ్లలలో ఇదియే మొదటిది. 1844లో లైసాండరు స్పూనరు ప్రభుత్వమునకు పోటీగా చౌకతపాలా నొకటి నెలకొల్పెను. కొన్నియేండ్లకు బోస్టనులో వెలసిన చౌకతపాలా సంఘమునకు జాషువా లెవిట్టు కార్యదర్శిగా నుండెను.

ఈ యిరువురును బానిసత్వమును నిర్మూలింప పాటుపడినవారే. ఇది కాకతాళీయమని మేము తలంపము. 1835 జూలైలో న్యూయార్కునుండి బానిసత్వనిరసన పత్రములు తపాలాద్వారా చార్లెస్టనునకు చేరగా, అచటి జనసమూహము కచేరిలో చొరబడి ఆ సంచులను గొనిపోయి తగులబెట్టెను. తపాలా అధిపతియైన ఆమాసు కెండాలు దానిని ఖండింపక ఊరకుండెను. జాబు నిర్భయముగను చౌకగను పోగలిగినగాని సంస్కర్తవాక్కు గ్రామము చేరదని వారు అనుభవమున నెరిగిరి.

తుదకు 1845 జూలై 1 నుండి క్రొత్తచట్టము అమలయ్యెను. కాగితముల లెక్క పోయి తూకము వచ్చెను. అర ఔన్సునకు 300 మైళ్లవరకు 5 సెంట్లు, ఆపైన 10 సెంట్లు. ప్రభుత్వము బిళ్లలను ఇంకను ముద్రింపకుండుటచే కొందరు పోస్టుమాస్టర్లు తామే బిళ్లలను చేయించిరి. న్యూయార్కు పోస్టుమాస్టరు రాబర్టు మారిసు వెలువరించిన బిళ్లలపై అతని కచేరి ఉద్యోగుల పొడియక్షరములు సిరాతో వ్రాయబడి కానవచ్చును. సెయింటులూయీ బిళ్లలపై మిస్సోరీ రాష్ట్రచిహ్నమైన రెండు ఎలుగుబంట్లు కలవు. ఇవి 137 బిళ్లలు 1895లో లూయీవిల్లు న్యాయస్థానభవనమున చెత్తలో పడవేయబడిన పాతకాగితములలో దొరకెను.

ప్రభుత్వము తన తొలిబిళ్లలను 1847 జూలై 1న వెలువరించెను: 5 సెంట్ల బిళ్లపై 1775లో తొలి తపాలా అధిపతియైన ఫ్రాంక్లిను, 10 సెంట్ల బిళ్లపై వాషింగ్టను. ముందుగ చెల్లించుట విధిగా నుండలేదు గనుక నాలుగేండ్లలో ఈ రెండును కలిసి సుమారు 45 లక్షలు మాత్రమే చెల్లెను. ఆ దేశజనసంఖ్య అప్పటికి రెండు కోట్లకు మించియుండెను. రుసుము తగ్గించినంతమాత్రమున అలవాటు మారదు.

ఆ యేడే నవంబరులో అలెగ్జాండ్రియానుండి రిచ్‌మండునకు ఒక యువకుడు తాను వలచిన యువతికి జాబు వ్రాసెను. ఆ యూరి పోస్టుమాస్టరు నీలికాగితముపై అచ్చొత్తించిన 5 సెంట్ల బిళ్ల ఆ కవరుపై నున్నది. వారిది దూరపుబంధుత్వము, అతనిది ప్రెస్బిటేరియను శాఖ, ఆమెది ఎపిస్కోపలు శాఖ. క్రైస్తవమతమందలి శాఖాభేదమే వారి ప్రేమకు అడ్డయ్యెను. ఎప్పటివలెనే దీనిని కాల్చివేయుమని అతడు కోరెను. ఆమె కాల్చలేదు. 1853లో వారి వివాహము జరిగెను. 1907లో వారి కుమార్తె ఆ జాబును కుట్టుపెట్టెలో కనుగొనెను. నీలికాగితముపై ఆ బిళ్ల లోకమున ఇదొక్కటే తెలియవచ్చుటచే 1981లో పదిలక్షల డాలర్లకును, 2019లో 11 లక్షల 80 వేల డాలర్లకును ఆ కవరు అమ్ముడుపోయెను. ఆ దంపతుల పేర్లు గ్రంథములలో కలవు. కాల్చుమన్న జాబుగనుక మేము వానిని ఇచట వ్రాయము. వెలను చెప్పువారు నీలిరంగునే చెప్పుదురు. మా దృష్టికి ఆ కవరు చూపునది వేరు: ఐదు సెంట్లకు ఒక యువతి తన పేర జాబు నందుకొని, పెద్దల యిష్టాయిష్టములకు లోబడక తన జీవితమును గూర్చి తానే ఆలోచించుకొనగలిగెను.

1851లో ముందు చెల్లించిన జాబునకు 3000 మైళ్లవరకు 3 సెంట్లుగ రుసుము తగ్గెను. 1855లో ముందుచెల్లింపు విధియయ్యెను. 1861లో అంతర్యుద్ధము రాగా, తిరుగబడిన దక్షిణరాష్ట్రముల కచేరులలోని బిళ్లలు సొమ్ముగ మారకుండుటకై ప్రభుత్వము పాతబిళ్లలను రద్దుచేసెను. దక్షిణమున కాగితము కరవై, గోడకంటించు పూలకాగితమును చించి కవరులు చేసికొనిరి. వచ్చిన కవరునే లోపలివైపు బయటికి త్రిప్పి మరల వాడిరి. యుద్ధవ్యాసములు తెలుపజాలని దారిద్ర్యమును ఆ పూలకవరు ఒక్కటియే తెలుపును. యుద్ధమధ్యముననే, 1863లో, దేశమంతటికి దూరభేదములేని ఒకే రుసుమును, నగరములలో ఇంటింటి ఉచితబట్వాడాయు ఏర్పడెను. అంతకుమున్ను పెద్దనగరముల కచేరులలో స్త్రీలకు ప్రత్యేకముగ ఒక కిటికీ నుంచుట కలదు. ఇప్పుడు జాబే గడపకు వచ్చెను.

ఐనను ఈ కథలోని మచ్చను దాచుట చరిత్రకారునికి తగదు. స్వతంత్రుడైన తెల్లవాడు తప్ప అన్యుడు తపాలా మోయరాదని 1802లో చేసిన శాసనము 1865వరకు రద్దుకాలేదు. నల్లవారు తపాలామార్గములలో తిరిగినచో వార్తలు తెలిసికొని స్వాతంత్ర్యము కోరుదురను భయమే అందుకు కారణము. ఉత్తరమునకు ఎంతశక్తి కలదో బానిసల యజమానులును చక్కగ గ్రహించియుండిరి.

తొలినాటి సేకర్తలు చేసిన యపచారము నొకదానిని కూడ చెప్పవలయును. వారు బిళ్లకొరకు కవరును నీట నానవేసి, బిళ్లను పుస్తకమున నంటించి, కవరును పారవైచిరి. మన వేంగీచాళుక్యుల తామ్రశాసనములకు వరాహలాంఛనముగల ముద్రిక యుండును. ఆ ముద్రికను మాత్రము కోసికొని రేకులను కరగించినవానిని మన మేమందుము? రాజెవరో ముద్రిక చెప్పును. దానము ఎవరికి, ఏల, ఎప్పుడు జరిగెనో రేకులే చెప్పును. బిళ్లయును అట్టిదే. వెల యెంతయో అది చెప్పును. ఎచటినుండి ఎచటికి, ఏ తేదీని, ఎవరు చెల్లింపగా పోయెనో కవరు చెప్పును.

మన దేశమున 1854లో అర్ధణాకే ఏ దూరమునకైనను జాబు పోవు పద్ధతి ఏర్పడెను. మన యిండ్లలోను పెట్టెల యడుగున తాతల జాబులు, వితంతువులైన యత్తల కార్డులు, దూరదేశములకు పోయినవారి కవరులు ఉండకపోవు. పిల్లలు బిళ్లలు కావలెనని యడిగినపుడు కత్తెర యిచ్చుటకు ముందు ఆ కవరును వారిచే చదివింపుడు. దాని తేదీని, ఊరిపేరును, చెల్లించిన సొమ్మును వ్రాయింపుడు. అమూల్యమైన బిళ్ల దొరకకపోవచ్చును. తమ కుటుంబము ఎవరితో మాటలాడగలిగెనో, ఎవరితో మాటలాడలేకపోయెనో వారికి తెలియును.