ఇంగ్లీషు సర్వనామముల పూర్వకథ



ఇంగ్లీషును గూర్చి మన గ్రామములలో తఱచుగా వినవచ్చు నింద యొకటి కలదు. "ఆ భాషలో మర్యాద యెక్కడిది? కన్నతండ్రి నైనను, పాలేరు నైనను ఒక్క 'యూ' అను మాటతోనే పలుకరింతురు గదా!" అని. ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పిన వాడను గాన ఈ మాట నేను పలుమాఱులు వింటిని. ఇది న్యాయమైన నిందయో కాదో తెలియవలెనన్న ఆ భాష పూర్వచరిత్రను కొంచెము విచారింపవలెను.

వేయి యేండ్లకు పూర్వము ఇంగ్లీషునకును మన భాషకు వలెనే విభక్తులుండెడివి. రాజును 'క్యునింగ్' అనెడివారు. 'రాజుయొక్క' అనుటకు 'క్యునింగెస్' అనియు, 'రాజునకు' అనుటకు 'క్యునింగె' అనియు వాడుక. చిన్నయసూరి బాలవ్యాకరణములో చదివి మనము వల్లించిన డు, ము, వు, లు మొదలగు ప్రత్యయముల వంటివే యివియును. "కుక్క మనుష్యుని కఱచెను" అన్నను, "మనుష్యుని కుక్క కఱచెను" అన్నను మనకు భావము చెడదు. 'ని' అను నొక్క యక్షరమే కఱచినది యెవరో, కాటుపడినది యెవరో తెలుపుచున్నది.

అట్టి ప్రత్యయములు ఇంగ్లీషున నెట్లు నశించినవి? ఆ జాతివారు మాట మొదటి భాగమును ఒత్తి పలుకుదురు. అందుచే చివరి యక్షరములు క్రమముగా సన్నగిల్లెను. దీనికి తోడు పరజాతులు వచ్చి కలిసెను. 793లో ఉత్తరదేశపు ఓడదొంగలు లిండిస్ఫార్న్ మఠమును దోచిరి. 865లో డేనుల మహాసేన దిగెను. వారిలో ననేకులు తూర్పు, ఉత్తర సీమలలో కాపురములు పెట్టిరి. వారి భాషయు ఇంగ్లీషును అక్కచెల్లెండ్రు. మాటల మొదళ్లు ఒక్కటే, చివరలు వేఱు. సంతలో బేరమాడు వారికి మొదలు తెలిసిన చాలును, చివరతో పనియేమి? పిమ్మట 1066లో నార్మనులు రాజ్యమును గెలువగా, కొలువులో ఫ్రెంచి భాష నెలకొనెను. ఇంగ్లీషు చాలకాలము పల్లెవాసుల నోట పెరిగి, ప్రత్యయములను మఱింతగా విడిచెను.

ప్రత్యయము పోయినను దాని పని పోదు గదా! ఆ పని కొంత మాటల వరుస మీదను, కొంత 'టు', 'ఆఫ్', 'ఫ్రమ్', 'విత్' వంటి చిన్న మాటల మీదను పడెను. వీనినే ప్రిపొజిషనులందురు. మనము 'రాజు'నకు తరువాత 'కు' చేర్తుము. వారు 'కింగ్'నకు ముందు 'టు' నిలుపుదురు. కాని యిందొక చిక్కు గలదు. మన 'కు' ఒక్కటియే పలుచోట్ల పనిచేయును. రామునకు ఇచ్చితిమన్న 'టు' కావలెను. అయిదు గంటలకు వచ్చితిమన్న 'ఎట్' కావలెను. నాకు జ్వరము వచ్చినదన్న ప్రిపొజిషనే యక్కఱలేదు. మన పిల్లలు తడబడుట కిదియే కారణము. వారి బుద్ధిమాంద్యము కాదు.

ప్రత్యయములను పోగొట్టుకొనిన యింగ్లీషులో పాత సొత్తును కొంత దాచుకొన్నవి సర్వనామములు. 'నేను' అనుటకు 'ఐ', 'నన్ను' అనుటకు 'మీ'. ప్రిపొజిషను తరువాత 'ఐ' రాదు, 'మీ' వచ్చును. మనమును 'నేను కొఱకు' అనము, 'నా కొఱకు' అందుము గదా! ఈ పోలికను పట్టుకొన్న బాలునికి సూత్రమును వల్లింపజేయ నవసరము లేదు.

పాత సొత్తును దాచుకొనిన యీ సర్వనామములలోనే అరువుసొమ్మును గలదు. 'వారు' అనుటకు నేడు వాడు 'దే' అను మాట డేనుల రాకతో వచ్చినది. 'వాడు', 'వారు' అను పాత మాటలు రెండును పలుకుబడిలో దగ్గరపడగా, పరభాషా పదము నెరవు తెచ్చుకొనిరి. 1400లో గతించిన చాసర్ కవి 'వారు' అనుటకు కొత్తమాటను, 'వారిని' అనుటకు పాతమాటను వాడెను. నదిలో రెండు రంగుల నీరు కలియుచోటు వంటిది ఆయన భాష.

ఇక మర్యాద మాట. పూర్వము 'నీవు' అనుటకు 'దౌ', 'మీరు' అనుటకు 'యీ', 'మిమ్ము' అనుటకు 'యూ' అని యుండెడివి. పదమూడవ శతాబ్దము మొదలు, ఫ్రెంచివారి మర్యాద ననుసరించి, గొప్పవాడు ఒక్కడే యైనను బహువచనమున పిలుచుట యలవడెను. మన కావ్యములలో రాజును సైతము 'నీవు' అన్నవారు తరువాత 'మీరు' అన్నట్లే. పిదప 'దౌ' తక్కువవారికి మిగిలెను. 1603లో సర్ వాల్టర్ రాలీ విచారణలో, ప్రభుత్వ న్యాయవాది యగు కోక్ ఆయనను సభలో 'దౌ' అని పిలిచి యవమానించెను. ఆ శతాబ్దము నడుమ జార్జి ఫాక్సు ననుసరించిన క్వేకరులు, దేవుని యెదుట నందఱును సమానులే యని, అధికారిని సైతము 'దౌ' అని పలికి, తిట్లును దెబ్బలును తినిరి. ఒక్క సర్వనామము కొఱకు మానవులు దెబ్బలు తిన్న కథ యిది!

తుదకు ఎవరిని నొప్పింతుమో యను భయముచే జనులు అందఱను 'యూ' అనసాగిరి; 'దౌ' వాడుక నుండి తొలగెను. అది ప్రధానముగా ప్రార్థనలలోను, పద్యములలోను, కొన్ని సీమల మాండలికములలోను మిగిలెను. మనమును దేవుని 'నీవు' అనియే కదా మొఱపెట్టుకొందుము!

కావున పెద్దలారా, ఇంగ్లీషున పోయినది 'మీరు' కాదు, 'నీవు'. ఆ భాష పాలేరును సైతము 'మీరు' అనుచున్నది. అందు మర్యాద కొఱత లేదు, చనువే కొఱత. తల్లి బిడ్డను పిలుచు పిలుపును, దొరను పిలుచు పిలుపును ఒక్కటియే యైనది. మన భాషలో రెండును నిలిచియున్నవి. ఎవరికి 'నీవు', ఎవరికి 'మీరు' అను వివేకమును మన పిల్లలకు నేర్పుట మన చేతిలోని పని. ఇంగ్లీషును నిందించుటకంటె అది మేలు.