చిలక జోస్యం

పంజరంలోంచి నడిచొచ్చిన రామచిలుక, వరుసగా పేర్చిన చీటీల్లో ఒకదాన్ని ముక్కుతో లాగుతుంది. ఆ చీటీలోని బొమ్మను బట్టి అడిగినవాళ్ల మంచిచెడ్డలు చెప్పడమే చిలక జోస్యం. తెలుగు జిల్లాల్లోనూ తమిళనాడులోనూ గుడి దారుల్లో, బస్టాండుల దగ్గర, సంతల్లో ఇది తరాల తరబడి నడిచింది. జనం చేరే చోటే దీనికి బతుకు. కర్నూలు జిల్లా పడమటి వైపు జనం చేరే చోట్లంటే శ్రావణంలో ఉరుకుంద ఈరన్న గుడి, ఆ నెలలోనే రాఘవేంద్ర స్వామి ఆరాధన జరిగే మంత్రాలయం, జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర. ఈ మూడింటికీ కూతవేటులో కాకపోయినా బస్సు దూరంలో ఉన్న మండలం నందవరం. (చౌడేశ్వరి అమ్మవారి నందవరం వేరు. అది బనగానపల్లె దగ్గర, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉంది. ఇది ఎమ్మిగనూరు పక్కన, తుంగభద్ర ఒడ్డున ఉన్న నందవరం.)

చీటీల కట్ట

తమిళనాట కట్టలో 27 చీటీలు ఉండాలంటారు, నక్షత్రానికొకటి చొప్పున. మన వైపు జోస్యులు ఆ లెక్కను అంత గట్టిగా పట్టుకోరు. రాముడు, కృష్ణుడు, వెంకటేశ్వరుడు, ఆంజనేయుడు, లక్ష్మి, సరస్వతి, శివపార్వతులు సాధారణంగా ఉంటారు. చాలా కట్టల్లో ఏసు, మేరీమాత, మక్కా బొమ్మలూ కనిపిస్తాయి. అడిగేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు కాబట్టి కట్టలోనూ అందరూ ఉండాలి. బొమ్మలు కేలండర్ల నుంచో అచ్చు పటాల నుంచో కత్తిరించి అట్టకు అంటించినవి. చేతుల్లో నలిగి అంచులు మెత్తబడి, మడత దగ్గర దేవుడి ముఖం మీద తెల్లటి గీత పడి ఉంటాయి.

జోస్యుడు ముందు పేరు అడుగుతాడు. జన్మనక్షత్రం తెలియనివాళ్లకు పేరులోని మొదటి అక్షరమే దారి. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాలు, మొత్తం 108 అక్షరాలు. చూ, చే, చో, లా అంటే అశ్విని. ఆ పేరు చెప్పి చిలుకను పిలుస్తాడు. అది తలుపు దాటి వచ్చి, కట్ట మీద నడిచి, రెండు మూడు చీటీలు పక్కకు తోసి ఒకటి లాగుతుంది. జోస్యుడు ఒక వడ్లగింజ నోటికందిస్తే తీసుకుని తనంతట తానే పంజరంలోకి పోతుంది. చూసేవాళ్లకు ఇదంతా దైవప్రేరణలా ఉంటుంది. నిజానికిది గింజ కోసం నేర్చుకున్న పని. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎగిరిపోకుండా రెక్కల ఈకలు కత్తిరించి ఉంటాయి, అందుకే అది నడిచి వస్తుంది.

ఎరుకలసాని చెప్పే సోదికీ దీనికీ తేడా ఉంది. ఎరుకలసాని బుట్టతో వాకిట్లోకి వస్తుంది, చెయ్యి పట్టుకుని ఆడవాళ్లతోనే మాట్లాడుతుంది, దేవతల పేర్లు పాడుతూ పలుకుతుంది. ఎరుకల అనే కులనామంలోనే ఎరుక ఉంది. అలాంటి జనాన్ని 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద మద్రాసు ప్రభుత్వం పుట్టు దొంగలుగా రాసుకుంది. దేశమంతటా ఆ చట్టం 1952లో గానీ పోలేదు. ఊరికి వచ్చి భవిష్యత్తు చెప్పే మనిషికి ఒక చేత్తో బియ్యం పెట్టి, ఇంకో చేత్తో అనుమానించే అలవాటు మన ఊళ్లలో ఇంకా మిగిలే ఉంది. చిలక జోస్యుడు ఇంట్లోకి రాడు. దారి పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చుంటాడు. పనిబడినవాళ్లే ఆగుతారు.

ఏం అడుగుతారు

నందవరం ఉన్న ఈ సీమలో అడిగే ప్రశ్నలు ఈ సీమవే. తుంగభద్ర పక్కనే పారుతున్నా చాలా చేలు వాన మీదే ఆధారం. పత్తి వేస్తారు, ఆదోని మార్కెట్టుకు తీసుకుపోతారు. వాన తప్పినా ధర తప్పినా సుగ్గికి పోతారు. పంట కోతల కాలానికి ఇంటికి తాళం వేసి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి నెలల తరబడి వలస పోవడాన్ని ఇక్కడ సుగ్గి అంటారు. నీలకంఠేశ్వరుడి జాతర సరిగ్గా ఆ రోజుల్లో వస్తుంది. అందుకే గోనెపట్టా ముందు గొంతు కూర్చున్న తల్లి అడిగేది తన జాతకం కాదు.

"సుగ్గికి పోతన్నాం సామీ. పిల్లోన్ని అవ్వ కాడ ఇడ్సిపోదామా, ఎంట బెట్టుకోని పోదామా?"

విడిచిపోతే బిడ్డ మీద బెంగ, తీసుకుపోతే బడి పోతుంది. ఆంజనేయుడి బొమ్మ వచ్చిందనుకుందాం. జోస్యుడు వెంటనే జవాబు చెప్పడు, కథ చెబుతాడు. సీతమ్మ అశోకవనంలో ఏడుస్తూ కూర్చుంది, ఇక బతకడం ఎందుకనుకుంది, అప్పుడే చెట్టు మీదినుంచి రాముడి మాట వినిపించింది, చేతికి ఉంగరం వచ్చింది. "నీకూ ఒక మాట వస్తాది తల్లీ, ఉగాది దాటనీ" అంటాడు. శనివారం ఆకుపూజ చేయించమంటాడు. ఆమె కొంగు ముడి విప్పి డబ్బిస్తుంది. ప్రశ్నకు నేరుగా జవాబు రాలేదు. కానీ ఇంట్లో ఎవరితోనూ అనలేని మాట ఆమె పైకి అనేసింది. సీత పడిన ఎడబాటు పక్కన తన ఎడబాటును పెట్టి చూసుకుంది. తెలుగు ఇళ్లలో కష్టం వస్తే సుందరకాండ పారాయణ చేసేదీ ఇందుకే. చిలక జోస్యంలో నాకు విలువైనదిగా కనిపించేది ఈ ఒక్కటే. భవిష్యత్తు దానికి తెలియదు. బొమ్మ దుఃఖానికి ఒక రూపం ఇస్తుంది, ఉగాది అన్న మాట దానికి ఒక గడువు ఇస్తుంది.

పడమటి దేశాల టారో చీటీల్లో ఈ ఆంజనేయుడి చీటీకి దగ్గరగా నిలిచేది 17వది, నక్షత్రం. ఒక స్త్రీ మోకాలు మోపి, రెండు కుండల నీళ్లు ఒంపుతుంటుంది, ఒకటి మడుగులోకి, ఒకటి నేల మీదికి. పైన ఒక పెద్ద చుక్క, చుట్టూ ఏడు చిన్నవి. వెనక చెట్టు మీద ఒక పక్షి. దీనికి ముందు వచ్చే 16వ చీటీ, పిడుగుపడి కూలుతున్న బురుజు. వరుసలో చూస్తేనే నక్షత్రం అర్థం తెలుస్తుంది. అంతా కూలిన తర్వాత మిగిలే నిబ్బరం అది. సంపద వస్తుందని ఆ చీటీ మాట ఇవ్వదు, నీళ్లు పోస్తూ ఉండమంటుంది. తలకిందులుగా వస్తే ఆశ సన్నగిల్లిందని చెబుతారు. ఎండిన చేలో బిందెతో మొక్క మొదట్లో నీళ్లు పోసిన రైతుకు ఈ బొమ్మను విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

ఆట ముక్కలు జోస్యం చీటీలైన కథ

టారో మొదట్లో జోస్యం కాదు, పేకాట. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీ దొరల ఇళ్లలో పుట్టింది. మొత్తం 78 ముక్కలు, అందులో 22 బొమ్మల ముక్కలు. మూడు వందల ఏళ్లకు పైగా జనం వాటితో ఆడుకున్నారు. 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడు అవి ప్రాచీన ఈజిప్టు జ్ఞానమని రాశాడు. ఆధారం లేని మాటే అయినా జనం నమ్మారు. ఆ దశాబ్దంలోనే ఎతేయా అనే పేరుతో రాసిన మరో ఫ్రెంచివాడు చీటీలతో జోస్యం చెప్పే పద్ధతిని పుస్తకంగా తెచ్చాడు. ఇప్పుడు హైదరాబాదులో టారో చెప్పేవాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించే బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయినవి. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చెప్పగా పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసింది. చాలాకాలం ఆ కట్టకు ప్రచురణకర్త పేరు, వెయిట్ పేరు మాత్రమే ఉండేవి, బొమ్మలు వేసిన ఆమె పేరు ఉండేది కాదు.

మన దగ్గరా బొమ్మల ముక్కలు ఉండేవి. పర్షియా నుంచి వచ్చిన గంజీఫాను బాబరు 1527లో సింధులోని ఒక మిత్రుడికి పంపినట్టు తన స్మృతుల్లో రాసుకున్నాడు. మొగలు కట్టకు 8 రంగులు, 96 గుండ్రటి ముక్కలు. దక్కనుకు వచ్చేసరికి అది దశావతార గంజీఫా అయింది. అవతారానికి 12 చొప్పున 120 ముక్కలు, ప్రతి రంగులోనూ రాజు, మంత్రి, పది అంకెల ముక్కలు. నిర్మల్‌లోనూ, పాత కర్నూలు జిల్లా నొస్సంలోనూ చిత్రకారులు వీటిని చేత్తో వేసి లక్క పూసేవారు. ఈ గంజీఫాకూ చిలక చీటీలకూ తల్లీబిడ్డల చుట్టరికం ఉందనలేం. దేవుడి బొమ్మ ఉన్న ముక్కను చేతిలో పట్టుకుని, ఏది వస్తుందోనని ఎదురుచూసే అలవాటు మాత్రం ఈ నేలకు పాతదే.

చిలుక నోట మాట వినే అలవాటు ఇంకా పాతది. పాలవేకరి కదిరీపతి తెలుగులో రాసిన శుకసప్తతిలో, భర్త ఊళ్లో లేనప్పుడు పరపురుషుడి దగ్గరికి బయలుదేరిన ఇల్లాలిని చిలుక రాత్రికో కథ చెప్పి ఆపుతుంది. వద్దని అడ్డం పడదు, కథలో పెట్టి తెల్లవారేలా చేస్తుంది. "ఉగాది దాటనీ" అన్న జోస్యుడు చేసేదీ అదే పని.

ఊరంతటికీ చెప్పే జోస్యం వేరే ఉంది. ఆలూరు వైపు దేవరగట్టులో విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వర స్వామి కల్యాణం అయ్యాక, కర్రల సమరం నడుమ ఊరేగింపు సాగి, తెల్లవారుజామున బసవన్న గుడి దగ్గర పూజారి కార్ణీకం పలుకుతాడు. అందులో వానల తీరు ఉంటుంది, పత్తి ధర, జొన్న ధర అంకెలతో సహా ఉంటాయి. కర్ణాటకలోని మైలారంలో గొరవయ్య చెప్పే ఒక్క వాక్యానికీ దీనికీ ఒకే పేరు. కార్ణీకం విన్న రైతు పత్తి వేయాలా వద్దా అని లెక్క వేసుకుంటాడు. చిలుక దగ్గరికి వచ్చినవాళ్లు లెక్క కోసం రారు.

చట్టం

పత్రికల భాషలో చిలక జోస్యం అంటే ఇప్పుడు ఎన్నికల ముందు చెప్పే నమ్మలేని మాట. వీధిలో అసలు చిలక జోస్యం తగ్గిపోవడానికి పెద్ద కారణం అపనమ్మకం కాదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. రామచిలుకను పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. 2022 సవరణలో దాన్ని రెండో షెడ్యూలులో చేర్చారు. 2024 ఏప్రిల్లో తమిళనాడులోని కడలూరు దగ్గర ఒక లోక్‌సభ అభ్యర్థికి గెలుపు చెప్పిన జోస్యుణ్ణి అటవీ శాఖ అదుపులోకి తీసుకోవడం దేశమంతా వార్త అయింది. చట్టం సరైనదే. గూటిలోంచి పిల్లగా తీసి, ఎగరనివ్వకుండా పెంచిన పక్షి పడే హింసకు ఏ ఓదార్పూ సరిపోదు. కానీ వేరే పని చేతికి రాని సంచార కుటుంబాల దగ్గర్నుంచి పంజరం తీసుకున్నప్పుడు దాని బదులు ఏదో ఒకటి ఇవ్వాలి. చాలాచోట్ల ఏమీ ఇవ్వలేదు.

పట్టుబడిన చిలుకల్ని వెంటనే అడవిలో వదలడానికి ఉండదు. ఈకలు కత్తిరించిన రెక్కలతో అవి ఎగరలేవు, తిండి వెతుక్కోలేవు. కోసిన ఈకలు వాటంతటవి రాలి, కొత్తవి మొలిచి, రెక్క నిండే దాకా నెలల తరబడి సంరక్షణలో ఉంచి, ఎగరడం వచ్చిందని చూశాకే వదలాలి.