అత్త మీద కోపం, దుత్త మీద!

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటారు మన పెద్దలు. ఊరికి ఊరంతా కోపం వచ్చిందనుకోండి, అప్పుడు దుత్త ఎవరు? నాలుగు రోడ్ల కూడలిలో నోరెత్తకుండా నిలబడ్డ విగ్రహం!

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రానికి రాజధాని మాడిసన్. జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసు మోకాలి కింద ప్రాణం వదిలాక, 2020లో ఆ దేశమంతా వీధిన పడింది. జూన్ 23 రాత్రి మాడిసన్ శాసనసభ ముంగిట్లో రెండు కంచు విగ్రహాలను కూల్చేశారు.

ఒకటి, చెయ్యి చాచి నిలబడ్డ స్త్రీమూర్తి. పేరు 'ఫార్వర్డ్'. ముందుకు నడవమని అర్థం. 1893 చికాగో ప్రదర్శన నాడు జీన్ పాండ్ మైనర్ అనే యువతి దీన్ని రాగితో మలిచింది. ఖర్చుకు డబ్బు పోగుచేసింది అక్కడి ఆడవాళ్ళే. దేశమంతటా స్త్రీలకు ఓటు రావడానికి ఇంకా 27 ఏళ్ళున్న రోజులవి! ఎండావానలకు పాడవుతోందని 1990లలో అసలు విగ్రహాన్ని లోపల దాచి, బయట కంచు నకలు పెట్టారు. పడింది ఆ నకలే.

రెండోది హాన్స్ క్రిస్టియన్ హెగ్ అనే కర్నల్‌ది. నార్వే నుంచి చిన్నప్పుడే వచ్చినవాడు. బానిసత్వానికి బద్ధశత్రువు. అంతర్యుద్ధంలో 1863లో ప్రాణమిచ్చాడు. ఆయన విగ్రహం తల ఊడగొట్టి, మొండాన్ని మొనోనా సరస్సులో పడేశారు.

బానిసత్వాన్ని ఎదిరించినవాడి మీదా కోపం అని చాలామంది నొచ్చుకున్నారు. ఉద్యమంలో కొందరి జవాబు వేరు. మా కోపం ఆ మనిషి మీద కాదు, ఇక్కడ అందరూ సమానమైపోయారని ఈ ఊరు చెప్పుకునే గొప్ప మీద అన్నారు.

మనకిది దూరపు కథేం కాదు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు మన ట్యాంక్‌బండ్ మీదా విగ్రహాలు విరిగాయి. కొన్ని హుస్సేన్ సాగర్ పాలయ్యాయి. ఈ గట్టు మీద మా తెలంగాణ వాళ్ళెందరున్నారన్న ప్రశ్న ఆ కోపం వెనక ఉంది. అంటరానితనం మీద కలమెత్తిన జాషువాకీ దెబ్బ తప్పలేదు. తర్వాత విగ్రహాలను మళ్ళీ నిలిపారు.

మాడిసన్‌లోనూ అంతే. హెగ్‌కు కొత్త తల పోతపోసి, 2021 సెప్టెంబరులో ఇద్దర్నీ దిమ్మెలెక్కించారు. మంచిదే. పైసా పైసా కూడేసిన ఆడవాళ్ళ కష్టం వీధిలో పడి ఉండడం నాకూ ఇష్టం లేదు. కానీ పగిలిన దుత్త చోట కొత్త దుత్త తెచ్చి ఉట్టి మీద పెట్టినంత మాత్రాన, అత్తాకోడళ్ళ తగువు తీరినట్టేనా? మీరే చెప్పండి.