సన్న రిమ్ముకి లావు టైరు: బురద నేర్పిన చక్రాల చరిత్ర



ఆశ్వయుజం, కార్తీకం వచ్చాయంటే మన డెల్టాలో చేను పొట్ట మీదో ఈనిక మీదో ఉంటుంది. రోజూ వెళ్లి నీరు చూసుకోవాల్సిందే. సరిగ్గా అప్పుడే తుఫాను వానలు పడతాయి. డొంకలో బైకు జారుద్ది, సైకిలు దిగబడుద్ది. అందుకే చాలామంది అంటున్నారు: "ఉన్న రిమ్ముకే కాస్త లావు టైరు వేయిస్తే సరిపోదా?" అని. సమాధానం చెప్పేముందు కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ ప్రశ్న మనతో మొదలవలేదు.

1753లో ఇంగ్లండులో ఒక చట్టం తెచ్చారు. సన్న చక్రాల బరువు బండ్లు రోడ్లని కోసేస్తున్నాయని, పెద్ద బండ్లకి తొమ్మిది అంగుళాల వెడల్పు చక్రాలు ఉండాలన్నారు. వెడల్పు చక్రాలకి టోలులో రాయితీ కూడా ఇచ్చారు. మరి ఏం జరిగింది? బండ్లవాళ్లు చక్రం వెడల్పుగానే చేయించారు గానీ, చాలా చక్రాలు ఒక పక్కకి శంకువులా వాలిపోయి ఉండేవి. అవి సాఫీగా దొర్లక నేలని రాసుకుంటూ పోయేవి. అంటే వెడల్పు పెంచారు, తీరు మార్చలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇక మన సంగతి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలవలు పారాయి, మాగాణి పెరిగింది. దాంతోపాటు బురద కూడా పెరిగింది. నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆకులు, పూటీలు, చుట్టూ రెండంగుళాలకి అటూ ఇటూ ఇనప కట్టు ఉన్న చెక్క చక్రం అందులోకి కత్తిలా దిగేది. అందుకే ఆ రోజుల్లో ధాన్యం చాలావరకు పడవల్లో పోయేది. బందరు కాలవ, ఏలూరు కాలవ సాగుకే కాదు, రవాణాకి కూడా తవ్వినవే. బండి గెలవలేని చోట నీళ్లు మోశాయన్నమాట.

1888లో బెల్‌ఫాస్టులో జాన్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిలుకి గాలి టైరు కట్టాడు. అవును, పశువుల డాక్టరే. నిజానికి 1845లోనే రాబర్ట్ థామ్సన్ అనే ఆయన గాలి చక్రానికి పేటెంటు తీసుకున్నాడు, అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. డన్‌లప్ పేరుతో వచ్చిన కంపెనీ 1936లో బెంగాల్లో సాహాగంజ్ దగ్గర ఫ్యాక్టరీ పెట్టింది. ఎడ్లబండికి గాలి టైరు వచ్చాక మన పల్లెల్లో ఆ కంపెనీ పేరే బండికి పేరైపోయింది. టైరు బండి వచ్చాక అవే ఎడ్లు అంతకన్నా బాగా ఎక్కువ బరువు లాగాయి, మెడలకి కుదుపు తగ్గింది.

ఇక్కడ ఒక్కటి గమనించండి. పాత చెక్క చక్రం మీద రబ్బరు తొడిగి ఊరుకోలేదు. ఇనప చక్రం, ఇనప ఇరుసు, బేరింగులు అన్నీ కొత్తగా వచ్చాయి. టైరుతో పాటు దాని కింద ఉన్నదంతా మారింది.

అమెరికాలో కూడా ఇదే కథ. 1933లో ష్విన్ అనే సైకిళ్ల కంపెనీ 2⅛ అంగుళాల బెలూన్ టైరు సైకిలు తెచ్చింది. దానికి తగ్గ రిమ్ము, ఫోర్కు, ఫ్రేము కూడా చేసింది. 1970లలో కాలిఫోర్నియా కొండల్లో కుర్రాళ్లు ఆ పాత సైకిళ్లనే దుమ్ము దారుల్లో దించారు. అక్కడి నుంచే ఇవాళ మన పిల్లలు అడిగే మౌంటెన్ సైకిలు పుట్టింది.

లావు టైరు ఎందుకు దిగబడదు? చిన్న లెక్క. ఒక చక్రం మీద 60 కిలోల బరువు ఉందనుకోండి, అంటే దాదాపు 132 పౌండ్లు. గాలి 60 పౌండ్లు ఉంటే నేలకి ఆనే జాగా రెండంగుళాల పైచిలుకు. గాలి 30కి తగ్గిస్తే ఆనే జాగా రెట్టింపు, అంటే సుమారు నాలుగున్నర చదరపు అంగుళాలు. సన్న టైరులో గాలి అంత తగ్గిస్తే రిమ్ము నేలకి కొట్టుకుని ట్యూబు కోసుకుంటుంది. లావు టైరుకైతే లోపల లోతు ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. లాభమంతా లావులో లేదు, లావు వల్ల గాలి తగ్గించుకోగలగడంలో ఉంది.

మరి సన్న రిమ్ముకి వేయొచ్చా? కొంతవరకు వేయొచ్చు. రిమ్ము లోపలి వెడల్పు కొలవండి. టైరు దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటే నిశ్చింత. లోపల 17 మిల్లీమీటర్లు ఉంటే 34 దాకా అన్నమాట. అంతకు బాగా మించితే టైరు బల్బులా పైన లావు, కింద సన్నం అవుతుంది. మలుపులో పక్కకి ఒరుగుద్ది. పాల క్యాన్లో గడ్డిమోపో వెనక ఉండి, గాలి తక్కువుంటే టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. గట్టు మీద అలా జరిగితే మనిషి కాలవలో ఉంటాడు. పోనీ గాలి గట్టిగా కొడదామంటే, లావు టైరు సన్న రిమ్ము అంచుల్ని బయటికి నెట్టేస్తుంది.

ఇంకో మోసం సైజులో ఉంది. 26×1⅜ అన్నా, 26×1.95 అన్నా రెండూ "26 టైరే" అంటారు. కానీ మొదటిది కూర్చునే రిమ్ము 590 మిల్లీమీటర్లు, రెండోది 559. ఒకటి ఇంకోదానికి పట్టదు. మన పాత 28×1½ సైకిలుది 635. టైరు పక్కన 40-635 అని అచ్చు ఉంటుంది చూడండి. రెండో అంకె కలిస్తేనే కొనండి.

మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య వేలు దూరాలి. లేకపోతే రేగడి అక్కడే గట్టిగా ఇరుక్కుని చక్రం తిరగదు. రాడ్ బ్రేకు సైకిలైతే బ్రేకు కమ్మీకి టైరు తగులుతుందేమో కూడా చూడాలి.

పటమటనే చూడండి. 1985లో విజయవాడ కార్పొరేషన్‌లో కలిసేదాకా అది గ్రామ పంచాయతీ. పక్కనే ఆటోనగర్‌లో ఇవాళ లారీలకి బాడీలు కడతారు, టైర్లు మారుస్తారు. అక్కడ నేల తారైంది కాబట్టి చక్రమూ మారింది. మన నేల ఇంకా బురదే. దమ్ముకి ట్రాక్టరుకి కేజీ వీల్స్ వేస్తాం, చేలో బ్రహ్మాండంగా పనిచేస్తాయి. అవే చక్రాలతో తారు రోడ్డెక్కితే మన రోడ్డే పోతుంది. 1753 నాటి పాఠం మనం ఇంకా నేర్వలేదు.

కాబట్టి షాపుకి వెళ్లినప్పుడు ముందు టైరు అడక్కండి. రిమ్ము కొలవమనండి, ఫోర్కులో జాగా చూడమనండి. చాలకపోతే డబ్బులు రిమ్ము మీద పెట్టండి, టైరు తర్వాత. అదీ కుదరకపోతే ఈ రెండు నెలలూ డొంక మొదట్లో సైకిలు ఆపి నడిచి వెళ్దాం. చేను ఎక్కడికీ పోదు.

మీ ఊళ్లో పాత టైరు బండి ఇంకా ఉంటే ఫొటో పెట్టండి. పిల్లలకి చూపిద్దాం.