సముద్రస్నానము నేర్పిన పాఠము

అలలు తగ్గిన పిదప సముద్రస్నానము చేసెదనన్న వాని సామెత మనకందరకు తెలిసినదే. అలలు ఎన్నడును తగ్గవు. వాని స్నానము ఎన్నడును జరుగదు. సోమరిని వెక్కిరించుటకు పుట్టిన ఈ మాటలో వేరొక సత్యము కూడ ఇమిడియున్నది. సముద్రము మనకొరకు మారదు. దాని స్వభావమును తెలిసికొని మనమే తగినట్లు నడచుకొనవలెను. ఇంత చిన్న సంగతిని గ్రహించుటకు మానవుడు ఎంత మూల్యము చెల్లించెనో సముద్రస్నాన చరిత్ర చెప్పుచున్నది.

మన తీరమున సముద్రస్నానము పర్వదినపు పుణ్యకార్యము. కార్తిక, మాఘ పూర్ణిమలకు మచిలీపట్టణము మొదలైనచోట్ల జనము తండోపతండములుగా కడలి చేరుదురు. ఐరోపాలో అది మొదట వైద్యముగా ప్రచారమునకు వచ్చెను. 1750లో రిచర్డ్ రస్సెల్ అను ఆంగ్ల వైద్యుడు గ్రంథుల వ్యాధులకు సముద్రజలము దివ్యౌషధమని లాటిన్ భాషలో ఒక గ్రంథము ప్రకటించెను. ఆ నీట మునుగుటయే గాక, దానిని త్రాగుమని కూడ ఆయన చెప్పెను. ఆయన చికిత్సకై రోగులు తరలివచ్చుటచే బ్రైటన్ అను బెస్తవారి ఊరు క్రమముగా విలాసనగరమయ్యెను. లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములు కలవనియు, దానిని త్రాగినచో దాహము తీరకపోగా దేహములోని నీరే తరిగిపోవుననియు నేడు మనకు తెలియును.

ఆనాటి స్నానము వింతగా ఉండెడిది. చక్రములు గల కొయ్యగదిని గుఱ్ఱములు నీటి అంచువరకు లాగుకొనిపోయెడివి. లోపల దుస్తులు మార్చుకొని దిగిన రోగిని, ఆ పనికే నియమితులైన స్త్రీలు పట్టుకొని నీట ముంచి తీసెడివారు. బ్రైటన్‌లో మార్తా గన్ అను ఆమె ఈ వృత్తిలో మిక్కిలి పేరుపొందెను. పట్టుకొను చేయి ఒకటి ప్రక్కన ఉండెను గనుక అపాయమును తక్కువగా ఉండెను.

స్నానము వైద్యమునుండి వినోదమునకు మారినప్పుడు ఆ చేయి తొలగిపోయెను. ఈ మార్పు ఆస్ట్రేలియాలో స్పష్టముగ కానవచ్చును. న్యూ సౌత్ వేల్సులో 1838 నాటి చట్టము పగటివేళ బహిరంగముగా స్నానము చేయుటను నిషేధించెను. దానికి కారణము మర్యాద, ప్రాణరక్షణ కాదు. 1902 అక్టోబరులో విలియమ్ గోచర్ అను పత్రికా సంపాదకుడు ముందుగా ప్రకటించి, మిట్టమధ్యాహ్నము మాన్లీ తీరమున నీట దిగెను. మరుసటి ఏట, మెడనుండి మోకాలివరకు దుస్తులు ధరించవలెనను నియమముతో, అక్కడి పురపాలక సంఘము అనుమతినిచ్చెను. చట్టము మారినది గాని సముద్రము మారలేదు. ఈత రానివారు సైతము అలలలోనికి దిగిరి; పలువురు మునిగిపోయిరి.

అప్పుడు తీరవాసులే పూనుకొనిరి. 1907 ఫిబ్రవరిలో సిడ్నీలోని బాండై తీరమున రక్షకదళము ఏర్పడెను. పొడవైన మోకు చుట్టిన రాట్నము వారి ముఖ్యసాధనము. ఒకడు మోకును నడుమునకు కట్టుకొని ఈదిపోవును. ఒడ్డుననున్నవారు అతనిని, అతడు పట్టుకొన్నవానిని వెనుకకు లాగుదురు. 1938 ఫిబ్రవరి 6, ఆదివారము నాడు వీరికి ఘోరపరీక్ష ఎదురయ్యెను. వరుసగా వచ్చిన పెద్ద అలలు ఇసుకతిన్నెపై నిలిచిన వందలాది జనమును లోతునకు కొట్టుకొనిపోయెను. ఆ సమయమున రక్షకులు పెక్కుమంది ఒడ్డుననే ఉండుట అదృష్టము. సుమారు 250 మందిని వారు కాపాడగల్గిరి; ఐదుగురు మరణించిరి.

మనుష్యుని ఇట్లు కొనిపోవు శక్తి యెట్టిది? అడుగునకు లాగు ప్రవాహమని లోకుల నమ్మకము. 1936లో ఫ్రాన్సిస్ షెపర్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనికి రిప్ కరెంటు అను పేరును సూచించి, అది క్రిందికి లాగదనియు, పైనీటితోనే లోపలికి పారుననియు వివరించెను. అలలు ఒడ్డునకు తెచ్చిన నీరు తిరిగిపోవుటకు ఇరుకైన పాయను చేసికొనును. అక్కడ అలలు అంతగా విరుగవు. నీరు ప్రశాంతముగ కనుపించును. క్రొత్తవాడు ఇదియే క్షేమమైన చోటని దిగును! వేగము ఒక్కొక్కప్పుడు సెకనుకు 2 మీటర్లు దాటును. దానికి ఎదురీదినవాడు అలసిపోయి మునుగును. కావున బెదరక, వెల్లకిల తేలుచు, చేయి ఎత్తి పిలువవలెను. శక్తియున్నచో ఒడ్డునకు సమాంతరముగ ఈది పాయను దాటవలెను.

ఈ పాఠము పరాయిదేశపుదని మనము ఉపేక్షింపరాదు. విశాఖ తీరమునను ఇట్టి పాయలు కలవు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శాస్త్రజ్ఞులు వానిని పరిశీలించిరి. పండుగనాడు కుటుంబముతో తీరమునకు పోవువారు నీట దిగుటకు ముందు కొంతసేపు అలల తీరును గమనింపవలెను; స్థానిక మత్స్యకారులను అడుగవలెను; పిల్లలను చేయి అందునంత దూరముననే ఉంచుకొనవలెను. మునుగువానికై ఈత రానివాడు దూకినచో ఒక ప్రాణమునకు రెండు పోవును. మోకునో, ఖాళీ బిందెనో, గాలి నింపిన ట్యూబునో విసరవలెను. వెలికి తీసినవాని పొట్ట నొక్కి నీరు కక్కించుట తగదు. ఊపిరి ఆడనిచో వెంటనే నోటితో ఊపిరినూది, రొమ్ము మధ్యను నొక్కుచు, 108కి కబురు చేయవలెను.

బ్రైటన్‌లో రోగి ప్రక్కన నిలిచిన చేయి, బాండైలో మోకుగా మారినది. ఆ చేయియు మోకును లేనిచోట మన తెలివియే మనకు రక్ష.